మూడు వేళ్ల ముద్ర

చంద్రశిల మహారాజు రణధవళుడు రాయి కావడం మొదలై అది ఏడో రోజు.

మొదటిరోజు పాదాలు బిగుసుకున్నాయి. రెండోరోజు మోకాళ్లు, ఆపైన తొడలు, నడుము. అలా రోజుకింత పైకి పాకుతూ పాకుతూ ఏడోరోజు తెల్లవారేసరికి మెడదాకా వచ్చింది. కళ్లు మాత్రం కదులుతున్నాయి. ముక్కు దగ్గర దూదిపింజ పెడితే ఆడీ ఆడనట్టు ఆడుతోంది. పొద్దుగూకేసరికి ఆ కళ్లు కూడా రాయైపోతాయని చెప్పి రాజవైద్యులు మందులపెట్టెలు మూసేశారు.

ఇదంతా మొదలైంది ఊరేగింపులో. మహారాజు అంబారీ దిగి, తాంబూలం నములుతూ జనం మధ్య నడుస్తుంటే ఎవరో వెనకనుంచి వీపు మీద చెయ్యి వేశారు. అది కొట్టడం కాదు. చంటిబిడ్డను జోకొట్టినంత మెత్తగా వేశారు. ఎవరు వేశారో ఎవరూ చూడలేదు. కానీ అంత మెత్తగా మనిషిని కట్టెయ్యగల విద్య లోకంలో ఒక్కటే ఉంది. దాని పేరు మెత్తసాము. అది తెలిసిన ఇళ్లు మూడే. కొండమీద గవిమఠం వాళ్లు, ఏటిగట్టున రేవుపాలెం వాళ్లు, అడవిలో ఇప్పలగూడెం వాళ్లు.

మెత్తసాములో కట్టే చెయ్యి ఉన్నట్టే విప్పే చెయ్యీ ఉంది. అయితే ఒక ఇంటివాళ్లు కట్టిన కట్టును ఇంకో ఇంటివాళ్లు విప్పబోతే ఊపిరి అక్కడికక్కడే నిలిచిపోతుంది. అందుకని యువరాజు మేఘాంకుడికి తెలియాల్సిన సంగతి ఒక్కటే. తండ్రి వీపు మీద పడిన చెయ్యి ఏ ఇంటిది?

ఆ మూడిళ్లవాళ్లూ పన్నెండేళ్లకొకసారి శోణవతీ నది నడుమ సిద్ధులలంకలో కలుస్తారు. ఈ విద్యను పుట్టించిన ఆదిసిద్ధుడి సమాధి అక్కడే ఉంది. దాని ముందు ఎవరి సాము వాళ్లు చేసి చూపుతారు. ఆ ఏడోరోజే ఆ కలయిక రోజైంది. యువరాజుగా పోతే ఒక్కరూ నోరు విప్పరని మేఘాంకుడు బెల్లం వర్తకుడి వేషం కట్టాడు. ముఖానికి మసి పూసి, పొట్టకు పాతగుడ్డలు చుట్టి బొజ్జ పెంచాడు. బుట్ట మోసే కూలీగా రాజుగారి మంగలి తిప్పన్న వెంట వచ్చాడు. మహారాజుకు తలంటుపోసేటప్పుడు వీపు మీది ముద్రను మొదట చూసింది ఈ తిప్పన్నే. దీపపు మసితో దాన్ని గుడ్డమీదికి ఎత్తింది కూడా అతనే.

బయలుదేరేముందు మేనమామ, దండనాయకుడు కరాళవర్మ, యువరాజు చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అల్లుడూ, నువ్వు లంకకు పో. నా పడవ కూడా నీ వెనకే వస్తుంది. ఆ పెద్దల్లో ఎవడు కట్టు విప్పుతానన్నా క్షణం ఆలస్యం లేకుండా కోటకు తోలుకొస్తాను. కావలివాళ్లు అడ్డం పడకుండా నీ ముద్రిక ఒక్కటి నా చేతికియ్యి."

లంకలో ఎవర్నీ నమ్మకూడదని గట్టిగా మనసులో అనుకుంటూ మేఘాంకుడు ఉంగరం తీసి మామ చేతిలో పెట్టాడు.

ఆహా, ఆ సిద్ధులలంక చూడాలి! చుట్టూ నీలాలు కరిగించి పోసినట్టు ఏరు. నీళ్లలోంచి లేచిన ఏనుగంతేసి బండలు. బండల మీద తెల్లగా వరసకట్టిన కొంగలు. రెల్లుపూలు గాలికి వెండి వింజామరల్లా ఊగుతున్నాయి. నడుమ నున్నటి ఇసుక మైదానం, మైదానం కొసన సమాధి, సమాధి మీద బొడ్డుదాకా గడ్డం పెంచి, పులిచర్మం కట్టి, చెయ్యెత్తి నిలబడ్డ ఆదిసిద్ధుడి నల్లరాతి విగ్రహం. ఇంత అందంలోనూ ఒక్క ముఖంలో నవ్వు లేదు. మూడిళ్లవాళ్లు మూడు పొయ్యిలు పెట్టుకున్నారు. ఒకరి కుండలో నీళ్లు ఇంకొకరు తాగడంలేదు. మాట్లాడేటప్పుడు కూడా ఎవరూ ఎవరికీ వీపు చూపడంలేదు. రాజును కట్టింది పక్కింటివాళ్లేనని ప్రతి ఇంటికీ అనుమానం. ఆ నేరం తమ మీదికి తోస్తారని భయం.

సాము మొదలైంది. వందమంది ఒక్కసారి చేతులెత్తారు. అంత నిదానంగా ఎత్తారంటే, చేతులు భుజాలదాకా వచ్చేలోపల ఒక కొంగ చేపను పట్టి, మింగి, ఇంకోదానికి కాచుక్కూర్చుంది.

తిప్పన్న బుట్ట దింపి బిగ్గరగా అన్నాడు. "ఏం సామో ఏమో! మా బావమరిది కల్లు తాగొచ్చేటప్పుడు ఇంతకన్నా తొందరగా నడుస్తాడు."

గవిమఠం పెద్ద భైరప్ప గిరుక్కున తిరిగాడు. బండలాంటి మనిషి. "ఎవడ్రా వాడు? బెల్లపుబుట్టలో బొద్దింకలాగుండావు, నువ్వా మా సామును నవ్వేది?"

"నవ్వలేదు సామీ. మూడిళ్లదీ ఒకటే తీరుగా ఉంటే, అసలుదేదో, చూసి నేర్చిందేదో మాలాంటి మోటోళ్లకు ఎలా తెలుస్తుందని?"

మేఘాంకుడు చెప్పమన్నది ఇదే. తేనెతుట్టెకు రాయి తగిలింది.

"అసలుది మాది! చూడు!" అని భైరప్ప తొడలు నేలకానేంత కిందికి కూర్చున్నాడు. ఒళ్లంతా కొండచిలువలా మెలితిప్పుకుంటూ నిదానంగా లేచి, ఉన్నట్టుండి కాలు నేలకేసి బాదాడు. పొయ్యిమీద కుండలు గణగణలాడాయి. "మెత్తదనం దాచుకునేదానికి. ఉరుము చూపించేదానికి. ఇదీ గవిమఠం!"

రేవుపాలెం పెద్ద గంగాచలం తెల్లగడ్డం దువ్వుకున్నాడు. "గేదె గిట్టలు విదిలించినట్టుంది. దాన్ని సాము అంటారటయ్యా?" అని చేతులు బారలు చాపి నడిచాడు. ఎక్కడ మొదలో ఎక్కడ కొసో తెలియకుండా, ఒకే జోరున, ఏరు పారినట్టు కదిలాడు. "పట్టుగూట్లోంచి పోగు తీసినట్టుండాలి బాబూ. తొందరపడితే తెగిపోద్ది. ఆగితే చిక్కడిపోద్ది."

"వీళ్లిద్దరికీ సాము చెయ్యాలంటే ఎకరం నేల కావాల," అంది ఇప్పలగూడెం పెద్ద ఈరమ్మ. వేపపుల్లలాంటి సన్నటి మనిషి. "నాకు చేట చాలు." చేట బోర్లించి దానిమీద నిలబడింది. కదిలిందో లేదో కూడా తెలియలేదు. గవిమఠం కుర్రాళ్లు ఇద్దరు తోశారు. ఇద్దరూ వెనక్కి పల్టీలు కొట్టి రెల్లులో పడ్డారు. చేట చెక్కుచెదరలేదు.

ఇసుక మీద కూర్చుని మేఘాంకుడు బెల్లం ముక్కలు కొడుతూ వాళ్ల చేతులే చూస్తున్నాడు. చూసేకొద్దీ అతనికి వింతగా ఉంది. భైరప్ప చిటికెనవేలు, ఉంగరపువేలు అరచేతిలోకి ముడిచేస్తాడు. గంగాచలం ఆ రెండు వేళ్లనూ నీలిదారంతో కట్టేసుకున్నాడు. ఈరమ్మ అవే రెండు వేళ్లను పైకి లేపి ఉంచుతుంది. మూడిళ్లలోనూ పనిచేసేవి మూడు వేళ్లే!

"ఆ రెండు వేళ్లూ ఏం పాపం చేశాయండీ?" అని అమాయకంగా అడిగాడు.

"శివుడికి కళ్లు మూడు కదరా!" అన్నాడు భైరప్ప.

"శోణవతికి పాయలు మూడు," అన్నాడు గంగాచలం.

"అవి దుప్పికొమ్ములు. తాకకూడదు, బెదిరించాల," అంది ఈరమ్మ.

ముగ్గురి అడుగులూ కుడివైపుకే గుండ్రంగా తిరుగుతున్నాయి. అదేమని అడిగితే ఒకరు ప్రదక్షిణ అన్నారు, ఒకరు సుడిగుండమన్నారు, ఒకరు చెరగడమన్నారు. విద్య ఒకటే, కారణాలు మాత్రం మూడు. అంటే నిజమైన కారణం ముగ్గురికీ తెలియదని మేఘాంకుడికి తోచింది.

అతను మెల్లగా మసిగుడ్డ తీసి ఒళ్లో పరిచాడు. వేళ్లు ముడిస్తే కణుపుల గుర్తులు పడాలి. దారంతో కడితే ఒకటే లావుపాటి చార పడాలి. లేపి ఉంచితే ఏమీ పడకూడదు. గుడ్డమీద మూడు పొడుగు వేళ్లున్నాయి. వాటి పక్కన రెండు మొండి చుక్కలున్నాయి. ఏ ఇంటిదీ కాదు!

పెద్ద నీడ గుడ్డమీద పడింది. భైరప్ప.

"ఇది రాజు వీపు మీది ముద్ర కదూ? ఒరే, వీడు వర్తకుడు కాదు, వేగులవాడు!"

మైదానం గుప్పున మండింది. "రేవుపాలెం చెయ్యే అది! దారం తెగితే అట్టనే పడతాది!" "నోరు ముయ్యవయ్యా, మీ వేళ్లు సరిగ్గా ముడవలేక పడ్డ గుర్తది!" "ఇద్దరూ కూడబలుక్కుని మా అడవోళ్ల మీదికి తోస్తన్నారు!" కర్రలు లేచాయి. తోపులాటలో భైరప్ప ఎటు పోయాడో కూడా ఎవరూ గమనించలేదు.

"తిప్పన్నా, ఆ భైరప్పను కనిపెట్టు," అని మేఘాంకుడు మంగలిని పంపి, జనంలోంచి బయటపడ్డాడు. అప్పుడు కనిపించింది ఆ అవ్వ.

రెల్లు పక్కన కూర్చుని చెరకురసం అమ్ముతోంది. ఇంత గోలలోనూ తల తిప్పి చూడలేదు. ముంతలో రసం పోసి ఎడమచేత్తో అందిస్తోంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. మేఘాంకుడికి అనుమానం చురుక్కుమంది. ఒక్క ఉరుకున పోయి ఆ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"కొంగు తియ్యి అవ్వా!"

అవ్వ గింజుకోలేదు. అతను లాగినవైపే, లాగినంత మేరా వచ్చింది. ఇంకొంచెం ఎక్కువే వచ్చింది. ఎలా పడ్డాడో తెలియదు, యువరాజు బొజ్జగుడ్డలతో సహా రసం కుండ పక్కన బోర్లా పడి ఉన్నాడు. ముఖం ముందు ఒక ముడతలు పడ్డ చెయ్యి. మూడు నిండు వేళ్లు, రెండు మొండి కణుపులు.

"గుడ్డ ఇటు తే నాయనా," అంది అవ్వ. మసిముద్ర మీద ఆ చెయ్యి ఆనించింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

మైదానంలో గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గంగాచలం ముందుకొచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? ఏ ఇల్లు నీది?"

"నా ఇల్లా? మీరంతా నా ఇల్లేరా. మీ ముగ్గురి తాతముత్తాతలూ నా దగ్గర గానుగ తోలినోళ్లే." అవ్వ విగ్రహం వైపు చూసి ముఖం చిట్లించింది. "ఆ గడ్డమేందిరా నాకు? బొడ్డుదాకా! బతికున్నదానికి సమాధి కట్టారు, పులితోలు కట్టబెట్టారు, సరే, పోనీ. ఒక రవిక ముక్కన్నా తొడగలేకపోయార్రా?"

ఆడమనిషని చెబితే రాజులు ఆదరించరని ఎవరో ముత్తాత గడ్డం పెట్టించాడు. తర్వాతివాళ్లు దానికే దండం పెట్టారు. మరి వేళ్లు? అవ్వ ఎగతాళిగా నవ్వింది.

"శివుడూ కాదు, దుప్పీ కాదు. చెరకు గానుగలో పడ్డాయిరా. పదహారేళ్ల పిల్లని. గడ పెడతా పెడతా వేళ్లు దొరికాయి. లాక్కున్నా. లాక్కునేకొద్దీ దుంగలు మింగినయ్. ఎద్దుతో పాటు ఆ వైపుకే తిరిగినాక గదా వదిలింది! అప్పుడు తెలిసింది, బలమైనదాంతో లాగులాడకూడదని. దాంతోబాటే తిరగాలని. ఎద్దు కుడికి తిరిగేది, నేనూ కుడికే తిరిగా. మూడు వేళ్లే మిగిలాయి, మూడిటితోనే నేర్పా. మీరేమో ఐదు వేళ్లుండీ రెండు దాచుకుని, ఎవరిది అసలుదని తన్నుకుంటన్నారు!"

ఈరమ్మ లేపిన వేళ్లు తనకు తెలియకుండానే దించేసింది.

మేఘాంకుడు లేచి పాగా విసిరికొట్టాడు. "నేను రణధవళుడి కొడుకుని! మా నాన్న నీకేం చేశాడు? విప్పు! పొద్దుగూకకముందే వచ్చి విప్పు!"

"విప్పితే చస్తాడురా పిచ్చోడా," అంది అవ్వ నెమ్మదిగా. "మీ నాయన నమిలిన ఆకుల్లో నాభివిషం కలిపారు. పక్కనుంచి పోతుంటే వాసన నాకు తగిలింది. రక్తం పరిగెడితే పది అడుగుల్లో గుండెకు చేరేది. అందుకని నిలబెట్టేశా. కట్టు పైకి పాకేకొద్దీ విషం చెమటై కిందికి దిగిపోద్ది. ఈ పొద్దు గూకిందా, కట్టు దానంతటదే ఊడి నీ తండ్రి లేచి కూచుంటాడు. అప్పటిదాకా ఏ మొనగాడూ విప్పకూడదు."

"మరి ఏడురోజులూ నోరెందుకు మెదపలేదు?"

"ఎవరికి చెప్పను? రసం అమ్ముకునే ముసల్ది కోట వాకిట్లో నిలబడి విషమంటే తల ఉంటదా? నువ్వూ అందులో ఉన్నావేమోనని నాకు అనుమానమే. ఇందాక నువ్వు నా చెయ్యి పట్టుకున్నప్పుడు తెలిసింది, లేవని. దొంగచెయ్యి అంత తిక్కగా లాగదు."

మేఘాంకుడికి ఆకుల పళ్లెం గుర్తొచ్చింది. చంద్రశిలలో మహారాజుకు ఆకులు చుట్టి ఇచ్చే హక్కు ఒక్కరికే ఉంది. పెళ్లినాటి ఆచారం అది. రాణిగారి తోబుట్టువు తప్ప ఇంకొకరు ఆ పళ్లెం ముట్టుకోకూడదు.

రాణిగారి తోబుట్టువు కరాళవర్మ. యువరాజు ముద్రిక ఉన్నది ఆయన వేలికే.

అప్పుడే తిప్పన్న రొప్పుతూ ఉరికొచ్చాడు. "దొరా, కొంప మునిగింది! దండనాయకులవారు భైరప్పను పడవెక్కించుకుపోయారు. గవిమఠమే అసలు ఇల్లని రాతిశాసనం వేయిస్తానన్నారు. ఆ మాట చెవిన పడగానే భైరప్ప చెప్పులు కూడా మరిచి పడవెక్కాడు. మూలం మాదైతే ఏ కట్టైనా మేమే విప్పుతామని ఊగిపోతున్నాడు!"

ఎత్తు అంతా మేఘాంకుడికి కళ్లకు కట్టింది. భైరప్ప విప్పుతాడు. విషం గుండెకెక్కుతుంది. చంపింది గవిమఠమౌతుంది, పంపింది యువరాజు ముద్రికౌతుంది.

ఆలోచించే వ్యవధి లేదు. రివ్వున బాణం వచ్చి రసం కుండను పగలగొట్టింది. రేవులో మంటలు లేచాయి. కరాళవర్మ వదిలిపోయిన భటులు పడవలన్నీ తగలబెట్టి, ఈటెలు దించుకుని లంకమీదికి వస్తున్నారు.

"ఎవరి ఇంటి సాము వాళ్లు చేస్తూ కూచోక, కలిసి తిరగండ్రా!" అని అరిచింది అవ్వ.

గంగాచలం ఒక్క నిమిషం ఈరమ్మ వైపు అనుమానంగా చూశాడు. ఈరమ్మా అలాగే చూసింది. తర్వాత ఇద్దరూ వీపూ వీపూ ఆనించి నిలబడ్డారు. మొదటి ఈటె వచ్చింది. గంగాచలం దాన్ని పోగులా లాగాడు, ఈరమ్మ జానెడు చోటులో తిప్పి వదిలింది, ఈటెతో పాటు భటుడు కూడా ఏట్లో పడ్డాడు. పెద్ద లేకపోయినా గవిమఠం కుర్రాళ్లు నేల బాదుతూ వచ్చి కలిశారు. నడుమ అవ్వ, ఇసుకలో గానుగ తిప్పుతున్నట్టు నిదానంగా కుడికి నడుస్తోంది. ఆమె మూడు వేళ్లు తాకిన భటుడు తాకినచోటే కాళ్లు బిగుసుకుని బొమ్మలా నిలిచిపోతున్నాడు. చూస్తుండగానే ఇసుకమీద పన్నెండు బొమ్మలు నిలబడ్డాయి.

"నువ్విక్కడేం చూస్తన్నావురా? పో!"

రేవుపాలెం వాళ్లు ఎండకు నీడగా బోర్లించిన గుండ్రటి తోలుపుట్టి ఒకటి రెల్లులో మిగిలింది. మేఘాంకుడు, తిప్పన్న దాన్ని నీళ్లలోకి నెట్టి దూకారు. పుట్టి గిరగిరా తిరిగింది. వెనకనుంచి బాణాలు వచ్చి దాని తోలుకు గుచ్చుకున్నాయి. బండల నడుమ మొసలి ఒకటి నోరు తెరిచి అంచు కొరికింది. తిప్పన్న బెల్లపుబుట్ట దాని నోట్లో కుక్కి, "తిను తల్లీ, నాలుగు నెలలు పళ్లు విడిపడవు!" అన్నాడు. అవతలిగట్టు తగిలేసరికి పుట్టిలో మోకాలిలోతు నీళ్లు. పొద్దు కోటబురుజుల మీద రెండు బారల ఎత్తులో ఉంది.

ఇద్దరూ కోటవాకిటికి పరిగెత్తారు. కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు.

"ఎవుర్రా? లోపలికి పోయేది లేదు."

"నేను మేఘాంకుణ్ణి! మహారాజు మీద భైరప్పను చెయ్యి వెయ్యనివ్వకండి! తలుపు తియ్యండి!" మేఘాంకుడు కావలివాడి చెంబు లాక్కుని ఆ నీళ్లతో ముఖం మీది మసి కడుక్కున్నాడు. బొజ్జగుడ్డలు పీకి పారేశాడు.

పెద్దకావలివాడు ఆ ముఖం చూసి కొయ్యబారిపోయాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "అదెలాగయ్యా? యువరాజులవారు ఇప్పుడే గదా ముద్రిక చూపించి, దండనాయకులవారితో భైరప్పను వెంటబెట్టుకుని లోపలికి పోయింది. నా చేత్తో నేనే తలుపు తీశాను."

మేఘాంకుడు తలెత్తాడు. పైన మహారాజు మందిరపు కిటికీలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అవే కళ్లు, అవే భుజాలు, ఎడమకనుబొమ పక్కన చిన్నప్పుడు కత్తిసాములో పడిన అదే గాటు. అద్దంలో చూసుకుంటున్నట్టుంది. ఆ మనిషి చెయ్యి చాపి, మేఘాంకుడి గొంతుతోనే కేకవేశాడు.

"వాడే! నాన్నగారిని రాయి చేసిన మాయావి వాడే! నా రూపు ఎత్తుకుని వచ్చాడు! పట్టుకోండి!"

ఈటెలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. మేఘాంకుడు ఏ గుర్తు చెప్పినా పైవాడూ చెప్పగలడు. సాక్ష్యం పలకడానికి ఉన్నది ఒక్క తిప్పన్నే.

తిప్పన్న కిటికీ వైపు చూశాడు. యువరాజు వైపు చూశాడు. మళ్లీ కిటికీ వైపు చూశాడు. అతని చెయ్యి మెల్లగా మొలలోని మంగలికత్తి మీదికి పోయింది.

"దొరా," అన్నాడు ఒకడుగు ఎడంగా జరిగి. "పైనున్నది యువరాజులవారైతే, పొద్దుటినుంచీ నా పక్కన నడిచిందెవరు?"

పైన కిటికీ ఖాళీ అయింది. మహారాజు గది తలుపు లోపలినుంచి గడియపడిన చప్పుడు వాకిలిదాకా వినిపించింది. లోపల మహారాజు దగ్గర భైరప్ప ఉన్నాడు, పొద్దు ఇంకా బారెడెత్తున మెరుస్తూనే ఉంది.